పడవ సీనుకి ఎన్ని మార్కులు?

మార్చి 3

బావా,

మళ్ళీ చూద్దామనుకున్న మన గూఢచారి సినిమాల్లో ఐదోది చూసేశాను. ఆదివారం షాపు సెలవు కదా, కళ్ళు పరీక్ష చేసే గదిలో చిన్న టీవీ పెట్టుకుని కూర్చున్నాను. గోడ మీద అక్షరాల చార్టు, దాని కింద టీవీలో మన హీరో, ఒంటి మీంచి కోటు విప్పని కోటాయన. తెర కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ, పైన చార్టు వంక చూసుకుంటూ మొత్తం పూర్తి చేశాను.

ముందే చెబుతున్నాను, తిట్టకు. పదికి ఐదు. అదీ పాత మొహమాటం కొద్దీ వేసింది.

నీ పెళ్ళయిన కొత్తలో టైపు ఇన్‌స్టిట్యూట్ కి తాళం వేసి మరీ నన్ను లాక్కెళ్ళి చూపించావు, గుర్తుందా? ఆ రోజు ఇద్దరం తొమ్మిదేసి మార్కులు వేసుకుని వీధంతా ఆ సంగీతం ఈలేసుకుంటూ ఇంటికొచ్చాం. అసలు ఏం చూసి వేశాం బావా? కోటాయన ఓడ మీంచి సముద్రంలో దూకి, లైట్‌హౌస్ దీవికి ఈదుకుంటూ వస్తాడు. తలపాపిడి చెదరదు. విలను అతన్ని కుర్చీకి కట్టేసి, తన ప్లాను మొదటినుంచి చివరిదాకా పూసగుచ్చినట్టు చెబుతాడు. నా షాపుకొచ్చేవాళ్ళు తమ తలనొప్పి గురించి కూడా అంత వివరంగా చెప్పరు.

అదంతా సరే, సరదా అనుకుందాం. ఆ లైట్‌హౌస్ లో రేడియో నడిపే అమ్మాయి సంగతేమిటి? నాలుగు భాషలు వచ్చు, రహస్య సంకేతం విప్పేది తను, ఈయన ప్రాణం రెండుసార్లు కాపాడేది తను. చివర్లో లైట్‌హౌస్ పేలిపోతుంటే ఆ పిల్ల ఇంకా మెట్ల మీదే ఉంటుంది. ఈయన పడవలో కూర్చుని కోటు చెయ్యి పిండుకుంటాడు. వెనక్కి తిరిగి కూడా చూడడు! సంగీతం, అయిపోయింది. అప్పుడు మనం చప్పట్లు కొట్టాం. ఇప్పుడు నాకు ఒళ్ళు మండింది.

ఫైట్లకి ఏడు, సంగీతానికి ఎనిమిది, ఆ పిల్లకి చేసిన అన్యాయానికి సున్నా. నీ మార్కులు ఎప్పటిలా రాసి పంపు. మూడోదాని గురించి మనం అరుచుకున్నాక, ఇక సినిమా మాటలు ఫోన్లో వద్దని అక్క పెట్టిన రూలు నాకు బాగానే ఉంది. కాగితం మీదయితే మాట మార్చడానికి వీలుండదు.

అన్నట్టు నీ కన్ను ఎలా ఉంది? చిన్నప్పుడు దెబ్బ తగిలి ఒకటి పోగొట్టుకున్నావు, ఉన్న ఒక్కదాన్నయినా చూపించుకోవు. నేనొచ్చి రెండేళ్ళయింది. అప్పుడే నల్లగుడ్డులో పొగలాంటిది కనిపిస్తోందని చెప్పాను. అద్దాల నంబరు పంపమంటే పంపవు. కళ్ళజోళ్ళు అమ్ముకుని బతికే బావమరిదిని పెట్టుకుని ఎవరైనా ఇలా ఉంటారా?

ఇట్లు,
నీ అద్దాల దొర

మార్చి 11

ఒరేయ్ అద్దాల దొరా,

ఐదా? చేతులెలా వచ్చాయిరా నీకు?

నాది తొమ్మిదిన్నర. ఆ అర మార్కు కూడా కోటాయన టోపీ నచ్చక తగ్గించాను.

ఈసారి ఒక వింత జరిగింది. మీ అక్క నాతోపాటు కూర్చుని చూసింది. అవును, మీ అక్కే. ఇన్నేళ్ళూ "ఆ తుపాకుల గోల ఆపండి" అని వంటగదిలోంచి కేకలేసిన మనిషి, సోఫాలో నా పక్కన కూర్చుని, మొదటినుంచి చివరిదాకా చూసింది. టీ రెండుసార్లు చల్లారిపోయింది, లేవలేదు.

నువ్వు ఏం చూశావో గానీ, అసలైనవన్నీ వదిలేశావు. లైట్‌హౌస్ వంటగది సీను ఎలా మరిచిపోయావు? ఈయన సంకేతం చెప్పమంటాడు. రేడియో అమ్మాయి అతని ముందు బంగాళాదుంపల బుట్ట పెట్టి, ముందు ఇవి చెక్కు తీయి, ఆ బురద బూట్లు గుమ్మం బయట విప్పు, ఆ తర్వాతే సంకేతం అంటుంది. ప్రపంచాన్ని కాపాడే మనిషి ముక్కు ఎగబీల్చుకుంటూ చెక్కు తీస్తాడు. నేను పడీ పడీ నవ్వాను.

ఇక పడవ సీను. ఈయన ఒడ్డుకి పరిగెత్తుకొచ్చేసరికి ఆ అమ్మాయి అప్పటికే పడవలో కూర్చుని మోటారు ఆన్ చేసి ఉంచుతుంది. అప్పుడు అంటుంది చూడు: "కోటు పిండుకోవడానికి తీరిక ఉంటుంది గానీ, వెనకాల మనిషి వస్తోందా లేదా అని ఒక్కసారి తిరిగి చూడ్డానికి ఉండదా? ఇన్నేళ్ళుగా నీ వెనకే నడుస్తున్నాను."

అలాంటి సినిమాకి ఐదు వేసే ముందు కాస్త ఆలోచించాల్సింది.

ఇన్‌స్టిట్యూట్ మిషన్లన్నీ వెళ్ళిపోయాయి, నా పాతది ఒక్కటే ఉంచుకున్నాను, దీని మీదే కొడుతున్నాను. కుర్చీ మాత్రం కిర్రుమంటోంది. కన్ను బాగానే ఉంది. నీ షాపు సరుకు నాకు అంటగట్టకు.

ఇట్లు,
బావ

మార్చి 17

బావా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తల పట్టుకున్నాను.

బంగాళాదుంపలేమిటి? ఏ వంటగది? ఆ లైట్‌హౌస్ లో వంటగదే లేదు! నాకే మతి పోయిందేమోనని డిస్కు మళ్ళీ తెచ్చి, ఇంకోసారి మొత్తం చూశాను. పడవ దగ్గర ఆపి ఆపి చూశాను. పడవలో కోటాయన ఒక్కడే ఉన్నాడు. అతనూ, అతని కోటూ.

పోనీ నువ్వు చెప్పిందే నిజమనుకుందాం. ఆ పిల్ల "ఇన్నేళ్ళుగా నీ వెనకే నడుస్తున్నాను" అందా? వాళ్ళిద్దరూ కలిసి నిండా రెండు రోజులు కాలేదు, ఇన్నేళ్ళేమిటి నా మొహం!

నాకు రెండే కారణాలు తోస్తున్నాయి. సినిమా మొదలవగానే నువ్వు గురక పెట్టి, కల కని, దానికి తొమ్మిదిన్నర వేశావు. లేదంటే డిస్కు పెట్టకుండానే ఏదో ఒకటి రాసేస్తే వీడు నమ్ముతాడులే అనుకున్నావు. చెవిలో పువ్వులు పెట్టించుకునే వయసు దాటిపోయింది బావా. ఒక్కో సినిమాకి ఒక ఆదివారం ఖర్చు పెడుతున్నాను నేను. నిజాయితీగా మార్కులు వేయలేనివాడివి అసలు ఈ సీరీస్ అంతా మళ్ళీ చూద్దామని ఎందుకన్నావు?

ఒకే ఒక్క ప్రశ్న. సూటిగా జవాబు రాయి. పడవలో ఎంతమంది ఉన్నారు?

ఇట్లు,
బావమరిది

మార్చి 25

ఒరేయ్ దొరా,

నీ ఉత్తరం అందింది. చాలా సంతోషం.

రెండోసారి చూశాక పడవ సీను నీకు కూడా కళ్ళనీళ్ళు తెప్పించిందన్నావు. తొందరపడి ఐదు వేశాను బావా, ఎనిమిది చేసుకో అన్నావు. తప్పు తెలుసుకోవడంలో నీ తర్వాతే ఎవరైనా. నేను నిన్ను ఏమీ అననులే.

మీ అక్క మోకాళ్ళ గురించి నువ్వు పెట్టిన చీవాట్లు కూడా అందాయి. కరెక్టే. ఆవిడ పొద్దుటినుంచీ నిలబడే ఉంటుంది. నువ్వు రాసినట్టే టీ గ్లాసులు నేనే కడుగుతున్నాను. రెండు పగిలాయి, నేర్చుకుంటున్నాను. సాయంత్రం నడకకి కూడా తీసుకెళ్ళమన్నావు, సోమవారం నుంచి మొదలుపెడతాం.

ఆరోది వచ్చే వారం చూస్తాం. అందులో కోటాయన సర్కసులో చేరతాడు కదా. మీ అక్కకి సర్కసంటే ఇష్టమట. ఇన్నేళ్ళయి నాకు తెలియదు.

ఇట్లు,
బావ

ఏప్రిల్ 1

గౌరవనీయులైన బావగారికి,

నేను ఎప్పుడు ఎనిమిది వేశానండీ? ఎప్పుడు ఏడ్చానండీ? నేను అడిగింది ఒక్క ప్రశ్న. దానికి తప్ప మీరు అన్నిటికీ జవాబు రాశారు. నేను అడగనివాటికి కూడా రాశారు. గోడకి చెప్పుకున్నా ఇంతకన్నా నయం, గోడ కనీసం నా మాటలు మార్చి నాకే అప్పజెప్పదు.

అక్క మోకాళ్ళ గురించి నేను ఒక్క అక్షరం రాయలేదు. అసలు ఆవిడకి మోకాళ్ళ నొప్పులున్నాయా? ఆ సంగతి కూడా మీ ఎగతాళిలోనే తెలియాలా నాకు?

పెద్దవారు, మీకు నన్ను ఆటపట్టించే హక్కు ఉందనుకోండి. కానీ పడవలో ఎంతమందో చెప్పకుండా ఆరోది మొదలుపెట్టేది లేదు. అందులో సర్కసు ఉన్నా సరే, సింహాలున్నా సరే. ఈ మార్కుల ఆట ఇంతటితో ఆపేద్దామంటే మీ ఇష్టం.

ఇట్లు,
తమ విధేయుడు

ఏప్రిల్ 12

బావగారూ,

మీ కవరు అందింది. లోపల రెండు తెల్ల కాగితాలు. చక్కగా మడతపెట్టి, కవరులో పెట్టి, స్టాంపు అంటించి పంపిన రెండు తెల్ల కాగితాలు!

అంటే ఏమిటి అర్థం? ఇక నాతో మాటల్లేవనా? నీ మొహానికి తెల్ల కాగితమే ఎక్కువనా? పైగా అడ్రసు అక్క చేత రాయించారు. ఒక సినిమాకి నాలుగున్నర మార్కులు తేడా వచ్చినందుకా ఇదంతా?

ఒక రోజంతా కస్టమర్ల మీద విసుక్కున్నాను. తర్వాత ఒక ఆలోచన వచ్చింది. రెండోదానిలో కోటాయనకి ఇలాగే తెల్ల కాగితం వస్తుంది, కొవ్వొత్తి మీద పెడితే అక్షరాలు తేలతాయి కదా. మీరు అలాంటి వేళాకోళం చేసే రకమే. నవ్వకండి, కొవ్వొత్తి వెలిగించాను. ఏమీ తేలలేదు. కాగితం మూల కాలింది, నా కనుబొమ కూడా కాస్త కాలింది.

పై ముక్కలు ఉదయం రాసినవి. ఇప్పుడు మధ్యాహ్నం. ఇక్కణ్ణించి ఈ ఉత్తరం నీకు, అక్కా. పైకి చదవకు.

చించి పారేద్దామని ఆ కాగితాలు పట్టుకుని కంటి పరీక్ష దీపం దగ్గర నిలబడ్డాను. వెలుతురు పక్కనుంచి పడేసరికి కాగితం నిండా గుంటలు కనిపించాయి. అక్షరాలు! రెండు పేజీలూ నిండా కొట్టాడు బావ. మిషనుకి పక్కన స్టెన్సిల్ మీట ఉంటుంది కదా, అది పడితే రిబ్బను పైకి లేవదు, ఉత్త అచ్చు మాత్రం కాగితానికి తగులుతుంది. చెయ్యి తగిలి ఆ మీట పడిపోయినట్టుంది. కాగితం అటూ ఇటూ వంచుకుంటూ చదివాను. నా మీద కోపం ఎక్కడా లేదు. గ్లాసుల సంగతి, కుర్చీ సంగతి, "సాయంత్రం నడకకి వెళ్తున్నాం, నిజం చెప్పాలంటే మీ అక్కే నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్తోంది" అన్న ముక్క.

టైపు నేర్పేటప్పుడు పిల్లల కళ్ళకి గుడ్డ కట్టి కొట్టించేవాడు బావ. వేళ్ళకి కళ్ళతో పనిలేదనేవాడు. అందుకే ఇన్ని ఉత్తరాలొచ్చినా నాకు తెలియలేదు. కానీ ఎంత గొప్ప టైపిస్టయినా, మిషన్లోంచి కాగితం లాగాక ఒక్కసారి దాని వంక చూస్తాడు. బావ చూడలేదు. ఆయనకి కనిపించడం లేదు. కదూ?

ఎప్పట్నుంచి అక్కా? సినిమా నువ్వు చెబుతున్నావు. నా ఉత్తరాలు నువ్వు చదివి వినిపిస్తున్నావు, నీకు కావలసినట్టు. నేను ఇక్కడ జుట్టు పీక్కుంటున్నాను! కోపం వస్తోంది నాకు. మోకాళ్ళ సంగతి నా నోట ఆయనకి చెప్పించావు, ఆయన కన్ను సంగతి మాత్రం నాకు చెప్పలేదు. ఊళ్ళో అందరి కళ్ళూ చూస్తాను, నా ఇంటివాళ్ళ కన్ను గురించి తెల్ల కాగితం చూసి తెలుసుకోవాలా?

విను. నేను రెండేళ్ళ క్రితం చూసిన పొగ శుక్లమే అయితే, దాన్ని తీసేయవచ్చు, చూపు వస్తుంది. అది ముదిరిపోయాక కూడా అలాగే వదిలేస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది, నొప్పి పుడుతుంది, ఆ తర్వాత ఏ డాక్టరూ ఏమీ చేయలేడు. ఉన్నది ఒక్క కన్ను. ఈ నెల దాటనివ్వకు.

పడవ సీను గురించి నేనేమీ అనను. అది నీది.

ఇప్పుడు ఇక్కణ్ణించి పైకి చదువు. ఒక్క ముక్క కూడా మార్చకు, నీకు దణ్ణం పెడతాను.

బావా, నాకు తెలిసిపోయింది. నాకే ఎందుకు చెప్పలేదని ఎంత కోపంగా ఉందో, అంత భయంగా ఉంది. వెళ్ళి కన్ను చూపించుకో. ఆ పడవలో ఎంతమంది ఉన్నారో నీ కంటితో నువ్వు చూసి రాయి. అప్పటిదాకా ఆరోది నేను చూడను.

నీ,
దొర

ఏప్రిల్ 20

ఒరేయ్,

మీ అక్క మొత్తం చదివింది. తనకి రాసింది కూడా చదివింది. రెండుచోట్ల ఆగి ముక్కు చీదుకుంది, అయినా మార్చలేదు. మార్చితే నాకు తెలిసిపోతుంది. ఎందుకంటావా? నాకు మొదటినుంచీ అన్నీ తెలుసు కాబట్టి.

కనిపించకపోతే తెలివి కూడా పోతుందనుకున్నారా మీ అక్కాతమ్ముళ్ళు? ఐదోది నాకు కంఠతా వచ్చు. ఆ భాష రాకపోయినా ఎవరు ఎక్కడ దగ్గుతారో కూడా తెలుసు. పడవ సీన్లో సంగీతం తప్ప ఎవరి గొంతూ ఉండదు. ఆ సంగీతం మీద మీ అక్క మాట్లాడింది. మొదట నవ్వొచ్చింది. "ఇన్నేళ్ళుగా నీ వెనకే నడుస్తున్నాను" అన్నాక నవ్వు ఆగిపోయింది. ఆ కోటాయన ఎవరో నాకు అర్థం కాదా? నాకు కోటు లేదు, అంతే తేడా.

నీ ఉత్తరాలు కూడా అంతే. ఇరవై ఏళ్ళలో మీ అక్క మోకాళ్ళ గురించి ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు నువ్వు. ఎనిమిది చేసుకో బావా అని ఒప్పుకునే రకానివా? కానీ ఆవిడ చదువుతుంటే ఆ దొర ఎంత మంచివాడనిపించేది. అందుకని గ్లాసులు కడిగాను.

ఆపరేషను అంటావు. నీకేం, నీకు రెండున్నాయి. ఉన్న ఒక్కదాని మీద కత్తి పెట్టించుకుని అదీ పోతే? నాకు భయంరా. ఇంకోటి చెప్పనా, చెబితే నువ్వు అరుస్తావు. నాకు కన్ను బాగున్నన్నాళ్ళూ ఆవిడ ఒక గదిలో, నేను ఒక గదిలో. చూపు పోయాక పక్కన కూర్చుంది. రేపు చూపు వచ్చిందనుకో, "ఇక మీరు చూసుకోగలరుగా" అని లేచి వెళ్ళిపోతుంది. ఆరోది ఎవరు చెబుతారు నాకు? అందుకే వాయిదా వేస్తున్నాను. తిట్టుకో.

బావ

(అంచున, చేత్తో రాసి)

తమ్ముడూ, ఇక్కడ రాస్తున్నది ఆయనకి కనిపించదు. మిషన్లో మీట సరిచేశాను. ఆయన ఆపరేషను వద్దని ఉత్తరం కొడుతుంటే పక్కనే ఉన్నాను, కొడుతూ పైకి చదువుకుంటారు కదా, అన్నీ విన్నాను. ఇంత మొండి మనిషితో నేను వేగలేను. ఆరోది డిస్కు బీరువాలో పెట్టి తాళం వేశాను. కట్టు విప్పాకే సర్కసు, లేదంటే జన్మలో ఇక ఒక్క సినిమా చెప్పను అన్నాను. గంటసేపు మూతి ముడుచుకుని, సరే అన్నారు. బుధవారం ఆపరేషను. షాపు మూసేసి రా.

మే 18

ఒరేయ్ దొరా,

నువ్వు పంపిన అద్దాలు పెట్టుకుని కొడుతున్నాను. ఎర్ర ఫ్రేము ఎవడు పెట్టమన్నాడు? అద్దంలో చూసుకుంటే ఎవరో తెలియని మనిషిలా ఉన్నాను. మీట చూశాను, రిబ్బను చూశాను, ఇప్పుడు అక్షరాలు కూడా చూస్తున్నాను. చూస్తూ కొడితే తప్పులే ఎక్కువ వస్తున్నాయి.

నువ్వు ఆసుపత్రి బెంచీ మీద నాలుగు రోజులు కూర్చుని, ఆ డాక్టరుకే పాఠాలు చెప్పి ఆయన్ని విసిగించి వెళ్ళినందుకు థాంక్స్ చెప్పమంది మీ అక్క. డాక్టరు మాత్రం ఇంకొంచెం ముందు తీసుకురావలసిందన్నాడు. పక్కలు మసక అలాగే ఉంటుందట. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, అదే చాలనుకోమన్నాడు.

మన మాట ప్రకారం నిన్న ఐదోది చూశాను. నీ ప్రశ్నకి జవాబు: పడవలో ఒక్కడే ఉన్నాడు.

నా మార్కులు మూడు. నువ్వు ఐదు ఎలా వేశావురా? ఆ విలను మీసం ఒక సీన్లో ఎడమవైపు జారి ఉంది. లైట్‌హౌస్ పేలింది అట్టముక్కల బొమ్మ. ఆ పిల్ల మెట్ల మీద నిలబడి అరుస్తోంది, వినిపించదు, సంగీతం పెట్టేశారు. ఇది తెలియకుండా వీధంతా ఈలేసుకుంటూ తిరిగాం మనం!

పడవ సీను వచ్చింది. కోటాయన కోటు పిండుకుంటున్నాడు. వెనక్కి తిరగలేదు. పక్కలు మసక కదా, నేను తల మొత్తం తిప్పి పక్కకి చూశాను. మీ అక్క సోఫాలోనే ఉంది. లేచి వెళ్ళలేదు. తల వెనక్కి ఆనించి నిద్రపోతోంది. జుట్టు ముందంతా తెల్లబడిపోయిందిరా. నాకెవరూ చెప్పలేదు. సౌండు తగ్గించి అలాగే చూస్తూ కూర్చున్నాను. సినిమా అయిపోయి తెర నీలంగా మారిపోయేదాకా.

మీ అక్క చెప్పిన సినిమాకి మాత్రం తొమ్మిదిన్నరే. అది మార్చను. కావాలంటే నువ్వూ కళ్ళు మూసుకుని ఓసారి విను.

ఇట్లు,
బావ

(కింద, చేత్తో రాసి)

తమ్ముడూ, కవరు అంటించేముందు రాస్తున్నాను. ఇప్పుడు ఆయనకి కనిపిస్తుంది, కనిపించనీ.

నేను నిద్రపోలేదు. ఈసారైనా తిరిగి చూస్తారో లేదో చూద్దామని కళ్ళు మూసుకున్నాను. చూశారు. ఆరు వేశాను.

సినిమా ఆపేసి చూసి ఉంటే ఎనిమిది వేసేదాన్ని.